గేటు దగ్గర ఎక్కినవాళ్లు

మొగలంక రైలుకు గేట్లు పందొమ్మిది, గేటుమన్ను ఒక్కడు. ఆ ఒక్కడి పేరు మట్టపర్తి సూరన్న.

రైలంటే మరీ రైలనుకునేరు. ఒకే ఒక్క పెట్టె. దాని ముక్కులోనే డ్రైవరు కూర్చుంటాడు. బస్సును తెచ్చి పట్టాల మీద పెట్టినట్టు ఉంటుంది కాబట్టి జనం దాన్ని రైలుబస్సు అనేవారు. పొద్దున్నే మొగలంకలో బయల్దేరి ముప్పై రెండు కిలోమీటర్లు వెళ్లి చంద్రపట్నం చేరేది, సాయంత్రం వెనక్కి వచ్చేది. పూర్వం గేటుకొక మనిషి ఉండేవాడు. రోజుకు రెండుసార్లు గేటు వేసేవాడికి నెల జీతమేమిటని పైవాళ్లకు బాధ కలిగి, పందొమ్మిది మందినీ తీసేసి, ఒక్కణ్ణి రైల్లోనే ఎక్కించి పంపడం మొదలుపెట్టారు. గేటు ఇరవై గజాలుందనగా డ్రైవరు ఏలియా బండి ఆపుతాడు. సూరన్న దిగి, ముందుకు పరుగెత్తి, రోడ్డుకు రెండు వైపులా గేటు వేసి జెండా ఊపుతాడు. బండి గేటు దాటి ఆగుతుంది. సూరన్న గేటు తీసి, వెనకాలే పరుగెత్తి ఎక్కుతాడు. పోను పందొమ్మిది, రాను పందొమ్మిది. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. ఈ మధ్య మోకాళ్లు మొరాయిస్తున్నాయి గాని, అవి మొరాయిస్తే ఏం చెయ్యాలో రూల్సులో లేదు కాబట్టి పరుగెడుతూనే ఉన్నాడు. గార్డు కూడా దండగే అని తేలాక టిక్కెట్ల కట్ట సైతం సూరన్న సంచిలోకే వచ్చింది.

ఇంత చిన్న లైనుకు అన్ని గేట్లెందుకంటే, రోడ్డు వల్ల. రోడ్డూ రైలుకట్టా ఒకే కాలవ వెంట పోతాయి. పక్కపక్కన తిన్నగా పోవచ్చు. కాని రోడ్డు వేసేటప్పుడు ఒక పెద్దమనిషి పొలం తప్పించడానికి అటు, ఇంకో పెద్దమనిషి తోట తప్పించడానికి ఇటు తిప్పి, అందరు పెద్దమనుషుల్నీ గౌరవించేసరికి అది పందొమ్మిది చోట్ల పట్టాలు దాటింది.

స్టేషన్లు మాత్రం రెండు కొసలూ కలిపి అయిదే. ధాన్యం బస్తాలు ఎక్కించుకోవడానికి పూర్వకాలంలో చేలమధ్య కట్టినవి. ఇప్పుడక్కడ ధాన్యమూ లేదు, మనిషీ లేడు. మేకలుంటాయి. జనం గేట్ల దగ్గరే ఎక్కేవారు. ఊరు గేటు దగ్గరే ఉంది, బండి ఎలాగూ ఆగుతుంది, సూరన్న చెయ్యి అందిస్తాడు. టిక్కెట్ల మీద గేటు పేరు అచ్చెయ్యరు కాబట్టి, వెనక స్టేషను పేరున్నది చింపి ఇస్తాడు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. అంటే పైవాళ్లెవరి కంటా పడలేదన్నమాట.

ఏడో గేటు గొల్లకోడులో మల్లాడి కాసులమ్మ ఎక్కేది. తల మీద చేపల బుట్ట. ఆమెతో పాటు ఇంకో ఎనిమిది మంది, ఎనిమిది బుట్టలు. వేకువన వలలో పడ్డ చేప తొమ్మిదింటిలోగా చంద్రపట్నం బజారు చేరాలి. చేరకపోతే అది పిల్లులకే. బస్సువాళ్లు కంపని బుట్టను ఎక్కనివ్వరు. ఆటోవాడు ఎక్కనిస్తాడు గాని, వాడి బాడుగ ఇచ్చాక ఇంటికి తెచ్చుకునేది ఖాళీ బుట్టే. రైలు లేకపోతే కాసులమ్మకు బజారు లేదు. ఈ సంగతి సూరన్నకు తెలుసు, ఏలియాకు తెలుసు, చంద్రపట్నంలో చేపలు కొనే ప్రతి ఇల్లాలికీ తెలుసు. తెలియవలసినవాళ్లకు తెలియలేదు కాబట్టి వాళ్లు ఒక సంఘం వేశారు.

సంఘం పేరు 'ప్రయాణ ప్రయోజన తులనాత్మక నిర్ధారణ సంఘం'. ప్రజల సొమ్ము మొగలంక రైలుకు పెట్టడం మేలా, మొగలంక రోడ్డుకు పెట్టడం మేలా అన్నది అది తేల్చాలి. రెండూ ఉంటే ఏం పోయిందని అడిగే అధికారం దానికి ఇవ్వలేదు. అధ్యక్షులు పరాంకుశం గారు. పెద్ద చదువు, పెద్ద కారు. రైలు సంగతి చూడ్డానికి ఆయన రోడ్డు మీదే వచ్చారు. దారిలో పద్నాలుగో గేటు దగ్గర ఆరు నిమిషాలు ఆగవలసి వచ్చింది. రైలు గురించి ఆయన స్వయంగా సంపాదించిన అనుభవం అదొక్కటే.

మొగలంక స్టేషన్లో మేకల్ని తోలించి, కుర్చీ వేయించుకుని, ఆయన పద్ధతి చెప్పారు. "ప్రయాణికుడనగా స్టేషనునందు బండి ఎక్కినవాడు. అట్టివారిని లెక్కింపుడు."

లెక్కించడానికి వచ్చిన గుమాస్తా పేరు వరాహమూర్తి. చేతిలో నొక్కితే అంకె తిరిగే డబ్బీ ఉంది. సూరన్న టిక్కెట్ల కట్ట తీసి ఆయన ముందు పెట్టాడు. "ఎన్ని చిరిగాయో చూసుకుంటే సరిపోద్ది కదండీ?"

"టిక్కెట్టనగా రొక్కము చెల్లించినందుకు రసీదు. ప్రయాణము చేసినట్లు రుజువు కాదు" అన్నారు పరాంకుశం గారు.

వరాహమూర్తి రైల్లో బయల్దేరాడు. ప్రతి స్టేషన్లోనూ దిగి, ఎవరెక్కుతున్నారో చూసి, చివరికి తానొక్కడే ఎక్కి డబ్బీ నొక్కాడు. అదే పొద్దున గేట్ల దగ్గర రోడ్డు తాలూకు మనుషులు గొడుగులు వేసుకుని కూర్చుని, రోడ్డు మీద కనిపించినవాళ్లనందరినీ రాసుకున్నారు. రైలు కోసం నిలబడ్డవాళ్లు కూడా నిలబడింది రోడ్డు మీదే కదా.

నెల తిరక్కుండా సూరన్నను చంద్రపట్నం పిలిపించారు. బల్ల వెనక పరాంకుశం గారు, పక్కన వరాహమూర్తి.

"రైలుకు ప్రయాణికులు రోజుకు నలుగురు" అని చదివాడు వరాహమూర్తి. ఆ నలుగురూ తనే అన్న సంగతి అతనికి తెలుసు. అడగలేదు కాబట్టి చెప్పలేదు. "రోడ్డును వాడుకొను పాదచారులు రెండువందల పన్నెండుగురు. రైలు కట్టపై అక్రమముగా ప్రవేశించువారు రెండువందల పన్నెండుగురు."

సూరన్న చెవి అక్కడ ఆగింది. "ఆ రెండువందల పన్నెండూ, ఈ రెండువందల పన్నెండూ ఒకళ్లేనండి. వాళ్లు మా రైలెక్కేవోళ్లండి."

"గేటనగా నేమి?" అడిగారు పరాంకుశం గారు.

"జనం పట్టాల మీదకి రాకుండా ఆపేదండి."

"ఆపవలసిన చోట చెయ్యి పట్టుకుని ఎక్కించుచున్నావు. వారు ప్రయాణికులు ఎట్లగుదురు?"

"బండి ఆగుతాది కదండీ. ఎక్కుతారు."

"బండి ఆగునది గేటు వేయుటకు. ఎక్కించుటకు కాదు. ఆగుట వేరు, నిలుపుదల వేరు."

సూరన్న ఆరో తరగతితో బడి మానేసినవాడు. ఆగుటకూ నిలుపుదలకూ తేడా ఏడో తరగతిలో చెబుతారేమో అనుకున్నాడు. "మరి కాసులమ్మ ఉందండి. గొల్లకోడు. ఆవిడ రోడ్డు లెక్కలో ఉంది, తప్పు చేసినోళ్ల లెక్కలో ఉంది. రైలు లెక్కలో మాత్రం లేదండి. ఆవిడ ముప్పై రెండు కిలోమీటర్లలో రోడ్డు మీద నడిచేది నూటయాభై గజాలండి, ఆయ్."

"రోడ్డు మీద నడిచినదా, లేదా?"

"నడిచిందండి."

"రాసుకొనుము" అన్నారు పరాంకుశం గారు. వరాహమూర్తి రాసుకున్నాడు.

సూరన్న చేతులు కట్టుకుని బతిమాలాడు. స్టేషన్లోనే ఎక్కుతామంటే ఇంకొక్కసారి లెక్కపెడతారా అన్నాడు. పరాంకుశం గారు న్యాయం తప్పని మనిషి. పదిహేను రోజులు గడువిచ్చారు.

ఆ పదిహేను రోజులూ సూరన్న ప్రతి గేటు దగ్గరా ఒకటే పాట. "ఆ ఒక్కరోజూ గేటు దగ్గరకి రాకండి. టేసన్లో ఎక్కండి."

"టేసనెక్కడుంది?" అంది కాసులమ్మ. ఆమె ఆ లైను మీద పద్దెనిమిదేళ్లుగా తిరుగుతోంది.

"చేలల్లోనే. మూడు కిలోమీటర్లు."

"బుట్ట నెత్తిన పెట్టుకుని గట్ల మీద మూడు కిలోమీటర్లెల్లి, మా గేటు మీంచే మళ్లీ ఈ రైల్లోనే రావాలా? నీకు ఎండ గానీ తగిలిందేంటి సూరన్నా?"

"ఒక్కరోజే కాసులమ్మా. రాకపోతే రైలు తీసేత్తారంట."

"మేం రోజూ ఎక్కుతుంటే కనపడలేదా ఆళ్లకి?"

"కనపడ్డారు. ప్రయాణికుల్లాగ కనపడలేదంట."

"మరెవరిలాగ కనపడ్డాం?"

సూరన్న చెప్పలేదు. చెబితే ఆ బుట్టలోంచి ఒక చేప వచ్చి తన మొహాన పడుతుందని తెలుసు.

ఆ రోజు వచ్చింది. ఊళ్లకు ఊళ్లు కదిలాయి. ఆటోలు, ట్రాక్టర్లు, మోటారు సైకిళ్ల వెనక ముగ్గురేసి. కాసులమ్మా, మిగతా ఎనిమిది మందీ కొబ్బరికాయల ట్రాలీ ఒకటి మాట్లాడుకుని బుట్టలతో సహా స్టేషనుకు చేరారు. స్టేషన్లో మనుషుల్ని చూసి మేకలు బెదిరి పొలాల్లో పడ్డాయి. వరాహమూర్తి డబ్బీ నొక్కి నొక్కి బొటనవేలు వాచింది. రెండువందల ముప్పై ఒక్కమంది. రైలు పట్టక కొందరు మెట్ల మీద వేలాడారు. ఏలియా ఆ పూట హారను కొట్టుకుంటూనే పోయాడు.

"గెలిచాం సూరన్నా" అన్నాడు.

గేట్ల దగ్గర ఆ రోజు ఒక్కరూ ఎక్కలేదు. సూరన్న మామూలుగానే దిగాడు, వేశాడు, తీశాడు, ఎక్కాడు. ఎవరికీ చెయ్యి అందించకపోవడం కొత్తగా ఉండి, అలవాటుకొద్దీ రెండు చోట్ల గాలికే చెయ్యి చాపాడు.

నివేదిక వచ్చింది. పట్నం కార్యాలయంలో సిబ్బందినందరినీ నిలబెట్టి పరాంకుశం గారు స్వయంగా చదివారు.

"రైలు ప్రయాణికులు రెండువందల ముప్పై ఒక్కరుగా పెరుగుట సంతోషదాయకము." ఏలియా సూరన్న భుజం గిల్లాడు. "అయితే వీరిలో రెండువందల ముప్పై ఒక్కరును రోడ్డుపై వాహనములలో స్టేషనునకు చేరుకొనిరి. తద్వారా రోడ్డు వినియోగము ఒక్కనాటిలో మూడింతలైనది. రైలు ఎక్కుటకు రోడ్డు ఆవశ్యకము. రోడ్డు ఎక్కుటకు రైలు ఆవశ్యకము కాదు. ఇది ఈ సంఘము కనుగొన్న మౌలిక సత్యము. మరియు, బండి ఆ దినమున ఒక్కరును ఎక్కని ప్రదేశములయందు ముప్పై ఎనిమిది సార్లు ఆగినది. ఇట్టి వృథా క్షమార్హము కాదు. కావున రైలును రద్దుచేసి, ఆ నిధులతో అదే వేళకు రోడ్డుపై బస్సు నడుపవలెను."

ఏలియాను ఎక్కడో మూడువందల మైళ్ల అవతల షెడ్డుకు వేశారు. సూరన్నకు మాత్రం పరాంకుశం గారు కళ్లజోడు తీసి, దయగా చూసి, విడిగా చెప్పారు. "నీ ఉద్యోగమునకు ఢోకా లేదు."

"ఎలాగండీ?"

"పట్టాలు తీయుట వేరొక శాఖ పని. వారు తీయలేదు. పట్టాలున్నంత కాలము గేటుండును. గేటున్నంత కాలము దానిని వేసి, రైలు వచ్చుట లేదని రూఢి చేసుకుని, తీయవలెను. బస్సు పందొమ్మిది చోట్ల పట్టాలు దాటును గదా. ఇకపై నీవు బస్సులో ప్రయాణింతువు."

సూరన్నకు ఇంకో అయిదేళ్ల సర్వీసుంది. తర్వాత పింఛను. ఇంట్లో భార్య ఆ మాట విని పాయసం వండింది. సూరన్న తిన్నాడు. తీపి తెలిసిందో లేదో ఎవరికీ చెప్పలేదు.

గొల్లకోడు గేటు దగ్గర కాసులమ్మకు సంగతి చెప్పడానికి సైకిలు మీద వెళ్లాడు. ఆమె వల బాగుచేసుకుంటోంది. తలెత్తలేదు.

"అయితే నీకు బస్సిచ్చారు."

"బస్సు నాదా కాసులమ్మా?"

"మాకేటిచ్చారు?"

"బస్సే. అందరికీ అంట."

"బుట్టకి?"

సూరన్న సైకిలు స్టాండు తీశాడు. ఆ రాత్రి అతను రూల్సు పుస్తకం దింపి, వేలు పెట్టుకుని, గేటు గురించి ఉన్న పేజీ మూడుసార్లు చదివాడు.

ఏడింటికి బయల్దేరే మొదటి బస్సుకు పూలదండలు కట్టారు. పరాంకుశం గారు ముందు సీట్లో కూర్చున్నారు. చంద్రపట్నంలో ఎనిమిదిన్నరకు సభ. రైలు గంటన్నరలో పోయే దూరాన్ని బస్సు గంటలో చేరినట్టు ఆయన ఉపన్యాసం ముందే అచ్చయిపోయింది. వరాహమూర్తి డబ్బీతో పక్కన కూర్చున్నాడు. కండక్టరు చలపతి కొత్త చొక్కా తొడుక్కొచ్చాడు. సూరన్న జెండా, విజిలు, రిజిస్టరు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

మొదటి గేటు దగ్గర బస్సు ఆగింది. సూరన్న దిగి, తానొచ్చిన బస్సుకే అడ్డంగా గేటు వేశాడు. పట్టాల మధ్య నిలబడి అటు చూశాడు, ఇటు చూశాడు. రైలు రావడం లేదు. రిజిస్టరులో 'రైలు రాలేదు' అని రాసి, టైము వేసి, సంతకం పెట్టి, గేటు తీశాడు. రెండో గేటు. మూడో గేటు. ఆరో గేటు దాటేసరికి ఏడూ నలభై అయింది. పరాంకుశం గారు గడియారం చూసుకున్నారు.

"రైలుకంటే ఆలస్యమగుచున్నదే?"

"ఈ రైలు గేట్ల మూలంగానే సార్" అన్నాడు చలపతి. పరాంకుశం గారు ఆ ముక్క రాసుకున్నారు.

ఏడో గేటు, గొల్లకోడు. బుట్టలతో తొమ్మిది మంది నిలబడి ఉన్నారు. కాసులమ్మ ముందుకొచ్చి మెట్టు మీద కాలు పెట్టింది. చలపతి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వెక్కు. బుట్ట దించు."

"బుట్ట దించితే నేనెందుకెక్కడం బాబూ? పట్నంలో నాకు చుట్టాలున్నారా?"

"చేపలు ఎక్కించకూడదు. రూలు. కంపు."

"రైల్లో రాలేదా కంపు?"

"అది రైలు. ఇది బస్సు. జరుగు జరుగు."

కాసులమ్మ వెనక్కి జరిగింది. సూరన్న వైపు చూడలేదు. చూసి ఏమన్నా తిట్టుంటే బాగుండేదని సూరన్న అనుకున్నాడు. అతను దిగాడు. గేటు వేశాడు. పట్టాల మధ్యకు వెళ్లి మొగలంక వైపు తిరిగి నిలబడ్డాడు. రెండు నిమిషాలయింది. ఇటు తిరిగి చంద్రపట్నం వైపు చూశాడు. ఇంకో మూడు నిమిషాలు. బస్సు డ్రైవరు హారను కొట్టాడు. సూరన్న వంగి పట్టా మీద చెవి పెట్టి విన్నాడు.

పరాంకుశం గారు కిటికీలోంచి తల బయట పెట్టారు. "ఏమిది?"

"రూఢి చేసుకుంటన్నానండి."

"ఇతర గేట్ల వద్ద అర నిమిషములో చేసుకున్నావు గదా?"

"అక్కడ ఎంటనే అయ్యిందండి. ఇక్కడ కుదరటం లేదండి, ఆయ్. రూల్లో గేటుమన్ను తనకు నమ్మకం కలుగువరకు అని ఉందండి. ఎంతసేపనేది లేదు."

"రైలును రద్దు చేసినది నేనే కదయ్యా! ఎట్లు వచ్చును?"

"తమరు రద్దు చేసింది కాయితం మీదండి. నాకు కాయితం కనపడదు. పట్టాలు కనపడతన్నాయండి. రెండు వైపులా బాగా తిన్నగా ఉన్నాయండి."

బస్సు వెనక ఒక లారీ ఆగింది. లారీ వెనక ఇసుక ట్రాక్టరు. అవతలి వైపు పాలవ్యాను. గేటు కటకటాలకు అటూ ఇటూ మనుషులు దిగి, రైలెప్పుడొస్తుందని ఒకళ్లనొకళ్లు అడుక్కోవడం మొదలుపెట్టారు. వరాహమూర్తి అలవాటుకొద్దీ ఆగిన బళ్లన్నింటినీ లెక్కపెట్టుకుంటున్నాడు. ఎనిమిదయింది.

"సూరన్నా, నీ పింఛను!" అని మెల్లగా అన్నాడు చలపతి. అతనికి సూరన్న దూరపు చుట్టం.

"తెల్సురా" అన్నాడు సూరన్న, చూపు పట్టాల మీంచి మరల్చకుండా.

ఎనిమిదీ అయిదుకు పరాంకుశం గారు బస్సు దిగారు. జీవితంలో మొదటిసారి రైలు పట్టాల మీద నడిచి సూరన్న దగ్గరకు వచ్చారు. గొంతు తగ్గించి, మామూలు మనిషిలాగా అడిగారు. "ఏం చేస్తే నీకు నమ్మకం కుదురుతుందయ్యా?"

"ఆ తొమ్మిది బుట్టలూ అక్కడ అడ్డంగా ఉన్నాయండి. చూపు ఆనటం లేదు. అయి లోపలికెల్తే అటేపు బాగా కనపడుద్దండి."

పరాంకుశం గారు బుట్టల వైపు చూశారు. గడియారం వైపు చూశారు. చలపతిని పిలిచారు.

"చేపలు ఎక్కించుట రూలు ఒప్పుకోదు సార్" అన్నాడు చలపతి, అధికారి ముందు అధికారిలాగా.

"చేపలని ఎవరన్నారు? 'జల సంబంధిత ప్రజా సామగ్రి' అని రాసుకో. ఎక్కించు."

తొమ్మిది మందీ తొమ్మిది బుట్టలతో ఎక్కారు. సీట్లు చాలక కాసులమ్మ తన బుట్టను పరాంకుశం గారి కాళ్ల దగ్గర పెట్టింది. "కాత్త కాళ్లు తియ్యండి బాబూ, కొరమీను. బతికుంది." బుట్ట అడుగునుంచి నీళ్లు కారి ఆయన మేజోళ్లలోకి ఇంకాయి. సూరన్న అటు చూశాడు, ఇటు చూశాడు, 'రైలు రాలేదు' అని రాసి, గేటు తీసి, పరుగెత్తి ఎక్కాడు.

బస్సు కదిలాక వరాహమూర్తి డబ్బీ చూసి అంకె చెప్పాడు. పరాంకుశం గారు జేబులోంచి కలం తీసి పొడిగా రాసుకున్నారు. మొదటి నాడే బస్సు నిండినది, ఒక గేటువద్దనే నలభై వాహనములు నిలిచినవి, రోడ్డు తక్షణము వెడల్పు చేయవలెను. రాయడం అయ్యాక కలం మూసి, సూరన్న వైపు తిరిగారు.

"పట్నము చేరనిమ్ము. నీ సంగతి చెప్పెదను."

"చేరాలి కదండీ" అన్నాడు సూరన్న, విజిలు తుడుచుకుంటూ. "ఇంకా పన్నెండు గేట్లున్నాయండి."

మలుపు తిరిగింది. ఎనిమిదో గేటు దగ్గర పూల గంపలతో పది పన్నెండు మంది, నాలుగు అరటి గెలలు, ఒక మేకపోతు నిలబడి ఉన్నారు. బస్సు వేగం తగ్గింది. సూరన్న మెట్టు మీదికి దిగి, ఎక్కేవాళ్ల కోసం చెయ్యి చాపాడు.